కడపలో స్లాబు మిద్దెపై పాచి: తొలగించేదెలా, మళ్లీ పట్టకుండా చూసుకునేదెలా?

పెన్నాతీరం (కడప)

సభ్యులందరికీ నమస్కారం. మాది కడపలో ఇరవై ఏళ్ల కిందట కట్టిన స్లాబు ఇల్లు. మొదటి కొన్నేళ్లు మిద్దెపై ఎటువంటి మరకా కనిపించేది కాదు. ఇప్పుడు మాత్రం వానలు మొదలయ్యాయంటే చాలు, పిట్టగోడ వెంబడి, నీళ్ల ట్యాంకు కింద, మెట్ల గది వెనుక పచ్చటి పాచి మందంగా పెరుగుతోంది. ఎండాకాలంలో అదే చోట నల్లటి పొర అట్టకట్టి ఉంటోంది. మా అమ్మ వడియాలు పెట్టడానికీ, మిరపకాయలు ఆరబోయడానికీ తరచుగా పైకి వెళ్తుంటుంది కాబట్టి, స్లాబు ఏమవుతుందోనన్న దిగులు కన్నా ఆమె ఎక్కడ జారి పడుతుందోనన్న భయమే నాకు ఎక్కువగా ఉంది.

రంగులు వేసే మేస్త్రీ ఒకాయన యాసిడ్ పోసి కడిగితే సరిపోతుందని అన్నారు. మరొకాయన పాచిని గీకే పనే లేదనీ, దానిపైనే వాటర్‌ప్రూఫ్ పూత వేస్తే గాలి అందక అదే చస్తుందనీ చెప్పారు. ఏది నమ్మాలో తెలియక అడుగుతున్నాను. మన వైపు ఏడాదికి కురిసేదే దాదాపు 700 మిల్లీమీటర్ల వాన. ఇంత ఎండ కాసే ఊరిలో కోనసీమ పెంకుటిళ్లకు పట్టినట్లు పాచి పట్టడమేమిటో కూడా ఎవరైనా వివరించగలరా?

చీనీతోట (అనంతపురం)

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపిన నీళ్లు చల్లండి. మా తోటలో నీళ్ల తొట్టికి పాచి పడితే అదే వాడుతాము.

వృక్షశాస్త్ర పంతులమ్మ (ప్రొద్దుటూరు)

పెన్నాతీరం గారూ, మందు సంగతికి ముందు మీ మిద్దెపై ఉన్నదేమిటో చూద్దాం, ఎందుకంటే మీరు చెప్పిన లక్షణాలను బట్టి అక్కడ ఉన్నది ఒకటి కాదు, కనీసం రెండు.

పచ్చగా, మెత్తగా, వేలితో లాగితే చిన్న చిన్న కుచ్చులుగా ఊడి వచ్చేది అసలైన నాచు మొక్క. మన ప్రాంతపు గోడలపైనా, స్లాబులపైనా హయోఫిలా, బ్రయం అనే జాతులు విరివిగా కనిపిస్తాయి. వీటికి నిజమైన వేర్లు ఉండవు. నేలను పట్టుకోవడానికి సన్నటి నూలు పోగుల వంటి భాగాలు మాత్రమే ఉంటాయి. నీటిని ఆకులతోనే నేరుగా పీల్చుకుంటాయి. ఎండాకాలంలో ఆకులు ముడుచుకుని పూర్తిగా ఎండిపోయినట్లు కనిపించినా అవి చావవు, తడి తగిలిన కొద్ది నిమిషాలకే తిరిగి శ్వాసించడం మొదలుపెడతాయి. కాబట్టి మే నెల ఎండకు మాడిపోయిందని మనం సంతోషించడానికి వీలు లేదు.

ఇక నల్లటి పొర నాచు మొక్క కాదు. అది చాలావరకు సైటోనీమా వంటి నీలిహరిత సూక్ష్మజీవుల గుంపు. అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుకోవడానికి అవి తమ చుట్టూ ముదురు గోధుమ రంగు పదార్థాన్ని తయారు చేసుకుంటాయి, అందుకే ఎండ కాసే కొద్దీ మరక నల్లబడుతుంది. దుమ్ము, మసి అనుకుని చాలామంది వట్టి చీపురుతో ఊడ్చి వదిలేస్తారు. వానాకాలంలో జారుడుకు ముఖ్య కారణం కూడా ఈ పొరే, ఎందుకంటే తడిసినప్పుడు అది జిగురుగా ఉబ్బుతుంది.

కొత్త స్లాబుకు ఇవేవీ పట్టకపోవడానికి కారణం సిమెంటులోని సున్నపు ఘాటు. కొత్త కాంక్రీటు క్షారగుణం పీహెచ్ 12కు పైనే ఉంటుంది, అందులో నాచు బతకలేదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఏళ్ల తరబడి తగిలే కొద్దీ పై పొరలో ఆ ఘాటు తగ్గి, పీహెచ్ తొమ్మిది దరిదాపులకు దిగుతుంది. మొదటి కొన్నేళ్లు మరక లేకపోవడం, ఆ తరువాత ఏటా పెరగడం అనే మీ అనుభవానికి ఇదే మూలం.

కట్టుబడి ఇంజనీరు (కర్నూలు)

పంతులమ్మ గారు జీవి సంగతి చెప్పారు కాబట్టి నేను నీటి సంగతి చెబుతాను. నా ఉద్దేశంలో పాచి పట్టిన మిద్దెకు మందు రెండో విషయం. నీరు ఎక్కడ నిలుస్తోంది, ఎందుకు నిలుస్తోంది అన్నదే మొదటి విషయం. అది తేల్చకుండా కడిగిన మిద్దెకు వచ్చే ఏడాది మళ్లీ పాచి పడుతుంది.

ఎండ కాసే ఊరిలో పాచి ఎందుకన్న ప్రశ్నకు ఏడాది మొత్తం వాన లెక్క జవాబు చెప్పదు. కడపకు నైరుతి వానతో పాటు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన, బంగాళాఖాతపు వాయుగుండాల ముసురు కూడా ఉంటాయి. 2021 నవంబరులో ఎంత ముసురు పట్టిందో మీ జిల్లావారికి చెప్పనక్కరలేదు. ఆ నెలల్లో పగలు చిన్నది, ఎండ పలుచన, తడి ఆరదు. పైగా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. డిసెంబరు చివరలో కడపలో మిట్టమధ్యాహ్నం సైతం సూర్యుడు నడినెత్తి నుంచి సుమారు 38 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు కాబట్టి, దక్షిణపు పిట్టగోడ మూడడుగుల ఎత్తు ఉంటే దాని లోపలి వైపు రెండుంబావు అడుగులకు పైగా నీడ పడుతుంది. ఉదయం, సాయంత్రం ఆ నీడ మరింత సాగుతుంది. ఆ పట్టీకి కొన్ని వారాల పాటు నేరుగా ఎండ తగలదు. మెట్ల గదికి ఉత్తరం వైపు కూడా ఇదే పరిస్థితి. మీ ఇంట్లో పాచి మందంగా ఉన్నది దక్షిణపు పిట్టగోడ వెంబడేనా, మెట్ల గదికి ఉత్తరాననేనా అన్నది ఒకసారి చూసి చెప్పండి.

ఇంకొక పరీక్ష కూడా చేయండి. మిద్దె ఊడ్చి, పైపుతో నీళ్లు పారించి, రెండు మూడు గంటల తరువాత వెళ్లి ఎక్కడెక్కడ నీరు ఇంకా నిలిచి ఉందో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఆ గుర్తులూ పాచి మరకలూ ఎంతవరకు కలుస్తున్నాయో చూస్తే సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

పెన్నాతీరం (కడప)

ఇంజనీరు గారూ, మీరు చెప్పినట్లే దక్షిణపు పిట్టగోడ లోపలి వైపు, మెట్ల గదికి ఉత్తరాన పాచి ఎక్కువగా ఉంది. నీళ్లు పారించి చూస్తే ఒక తూము దగ్గర అరంగుళం లోతున నీరు నిలిచింది. తూము నోరు స్లాబు మట్టం కన్నా కొంచెం ఎత్తులో ఉంది. ట్యాంకు కింద మాత్రం వానతో సంబంధం లేకుండా ఎప్పుడూ తడిగానే ఉంటోంది. మోటారు ఆపడం ఆలస్యమైతే పొంగిన నీరంతా స్లాబు మీదనే పారుతోంది.

కట్టుబడి ఇంజనీరు (కర్నూలు)

అయితే పనులు తేలికయ్యాయి. ట్యాంకుకు ఫ్లోట్ వాల్వు గానీ, మోటారును తనంతట తానే ఆపే పరికరం గానీ పెట్టించి, పొంగు గొట్టాన్ని స్లాబుపై వదలకుండా నేరుగా తూములోకి కలపండి. రాయలసీమ పట్టణాల్లో నేను చూసిన మిద్దెలలో ఎండాకాలపు పాచికి కారణం ఈ పొంగు నీరే, లేకపోతే ఏసీ నుంచి కారే నీరు.

తూము దగ్గర అరడుగు వెడల్పున పాత పూతను చెక్కి, తూము నోరు అన్నిటికన్నా పల్లంగా ఉండేలా దించి కట్టించాలి. మిగిలిన పల్లాలను పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమంతో పూడ్చి, రసమట్టం పెట్టి చూసుకుంటూ పది అడుగులకు అంగుళంన్నర చొప్పున తూము వైపు వాటం (వాలు) ఇప్పించండి. మొత్తం మిద్దెపై కొత్తగా మందపాటి సిమెంటు పొర పోయమని ఎవరైనా సలహా ఇస్తే వెంటనే ఒప్పుకోకండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దెపై ఒక్క అంగుళం మందాన పోస్తేనే దాదాపు ఐదు టన్నుల బరువు పడుతుంది. పాత పొర తీయకుండా దానిపై మరొకటి, దానిపై ఇంకొకటి వేసుకుంటూ పోయిన ఇళ్లు చాలా ఉన్నాయి, వాటిని చూస్తే నాకు పాచి కన్నా ఆ బరువే ఎక్కువ భయం కలిగిస్తుంది.

నాపబండ (బేతంచెర్ల)

యాసిడ్ గురించి ఒక మాట. మా వ్యాపారమే నాపరాళ్లు కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను. కడప, బేతంచెర్ల, తాడిపత్రి బండలన్నీ సున్నపురాయి జాతివి. బాత్రూములు కడిగే యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆ చుక్క బండపై పడగానే నురగ వస్తుంది, ఆ నురగ వస్తున్నంతసేపూ రాయి కరిగిపోతూనే ఉంటుంది. ఒకసారి కడిగితే నునుపు పోయి గరుకుదేలుతుంది, ఆ గరుకులో తరువాతి పాచి మరింత గట్టిగా పట్టుకుంటుంది. మిద్దెపై బండలు పరిచి సందులకు సున్నం దట్టించిన పాత ఇళ్లలోనైతే సందులు కూడా ఖాళీ అయి వాన నీరు నేరుగా లోపలికి దిగుతుంది. అటువంటి మిద్దెల సందుల్లో పాచిని సన్నటి కత్తితో గీకి తీసి, సందును మళ్లీ నింపుకోవడమే సరైన పద్ధతి.

కట్టుబడి ఇంజనీరు (కర్నూలు)

కాంక్రీటుకు కూడా యాసిడ్ అంతే చెరుపు చేస్తుంది. అందులోని క్లోరైడు పగుళ్ల గుండా ఇనుప చువ్వల దాకా చేరితే తుప్పు మొదలవుతుంది. ఉప్పు చల్లమనే సలహా కూడా అక్కడక్కడ వినిపిస్తుంది. దానికీ ఇదే అభ్యంతరం.

చీనీతోట (అనంతపురం)

నేను ముందు క్లుప్తంగా రాశాను, ఇప్పుడు వివరంగా చెబుతాను. మేము చీనీ (బత్తాయి) చెట్ల మొదళ్లకు బోర్డో పేస్టు పూస్తాము, చెట్లకు బోర్డో మిశ్రమం కొడతాము. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో గుల్ల సున్నం, నూరు లీటర్ల నీరు. రెండింటినీ వేరువేరుగా ప్లాస్టిక్ పాత్రల్లో కరిగించి కలపాలి, ఇనుప పాత్ర వాడకూడదు. కలిపిన తరువాత నునుపైన చాకును కాసేపు ముంచి చూస్తే ఎర్రటి రాగి పొర అంటుకుందంటే సున్నం తక్కువైనట్లు. మైలుతుత్తం నీళ్లు ఒక్కటే చల్లితే తరువాతి వానకు కొట్టుకుపోతుంది, సున్నంతో కలిస్తే అంటుకుని కొంతకాలం నిలుస్తుంది. మా పొలంలోని పంపుషెడ్డు స్లాబుకు మిగిలిన మిశ్రమం పూసిన చోట పాచి మళ్లీ రాలేదు.

వృక్షశాస్త్ర పంతులమ్మ (ప్రొద్దుటూరు)

చీనీతోట గారు చెప్పినది శాస్త్రపరంగా సరైనదే. నాచు ఆకులపై మైనపు పొర దాదాపు ఉండదు కాబట్టి, రాగి లవణం కొద్దిగా తగిలినా లోపలికి పోయి చంపుతుంది. విదేశాల్లో వాలు కప్పుల శిఖరాన జింకు, రాగి పట్టీలు బిగించడం కూడా ఇదే సూత్రంపై ఆధారపడింది. వాన నీటితో దిగే లోహం నాచును ఎదగనివ్వదు. మన సమతలపు మిద్దెలపై నీరు అలా పలుచగా జారదు కాబట్టి ఆ పట్టీలు ఇక్కడ పనికిరావు.

అయితే పొలంలోని పంపుషెడ్డు వేరు, ఊళ్లోని ఇల్లు వేరు. రాగి చేపలకూ నీటి జీవులకూ విషం. మీ మిద్దె నీరు సంపులోకో, ఇంకుడు గుంతలోకో వెళ్తుంటే నేను మైలుతుత్తం వాడమని చెప్పను. మిరపకాయలు ఆరబోసే మిద్దెకైతే అసలే వద్దు. స్లాబుపై నీలి మరక మిగలడం, ఇనుప గొట్టాలు తుప్పు పట్టడం కూడా ఉన్నాయి. గడ్డి మందు కొట్టమని ఎవరైనా చెబితే అది కూడా ఖర్చు దండగ. ఆ మందులు వేరూ కాండమూ ఉన్న మొక్కల కోసం తయారైనవి.

పెన్నాతీరం (కడప)

మా మిద్దె నీరు సంపులోకే వెళ్తుంది. అయితే యాసిడ్, మైలుతుత్తం రెండూ వద్దనుకుంటున్నాను. మిగిలిన మార్గమేమిటో క్రమంగా చెప్పగలరా?

కట్టుబడి ఇంజనీరు (కర్నూలు)

ముందుగా సమయం గురించి. అందరూ మే నెలలో మిద్దె కడిగిస్తారు. పాచి ముడుచుకుని నిద్రావస్థలో ఉన్న ఆ సమయంలో మందు దాని లోపలికి సరిగా పోదు. గీకడానికి ఎండాకాలం మంచిది, మందు చల్లడానికి తడి తగిలి పాచి పచ్చబడిన సమయం మంచిది. కాబట్టి ఒక వాన కురిసి, తరువాత రెండు రోజులు పొడిగా ఉంటుందనుకున్నప్పుడు మందు పని చేయించండి. పూత మాత్రం స్లాబు బాగా ఎండిన ఏప్రిల్, మే నెలల్లో వేయించండి.

గీకడానికి చెక్క గరిటె గానీ ప్లాస్టిక్ బ్రష్ గానీ చాలు. ఇనుప తీగల బ్రష్ వాడితే తెగిన తీగ ముక్కలు స్లాబులో దిగబడి తుప్పు మరకలవుతాయి. అధిక పీడనంతో నీళ్లు చిమ్మే యంత్రాన్ని పాత స్లాబుపై దగ్గరగా పెడితే పై సిమెంటు లేచిపోయి ఇసుక బయటపడుతుంది. గీకిన పాచిని ఊడ్చి సంచిలో ఎత్తేయండి, నీళ్లతో తూములోకి తోయకండి, గొట్టం పూడుకుపోతుంది.

తరువాత సంపుకు వెళ్లే గొట్టాన్ని విడదీసి, ఆ నీరు బయటికి పోయేలా చేసుకోండి. పది లీటర్ల నీటికి అర కిలో బ్లీచింగ్ పౌడరు కలిపి, మడ్డి దిగిన తరువాత పై తేట మాత్రమే తీసుకుని చల్లండి. కొత్త పౌడరులో 30 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, మూత తీసిన సంచిలో మన ఎండలకు అది వేగంగా తగ్గిపోతుంది, అందుచేత పాత సంచి వాడి మందు పని చేయలేదనుకోవద్దు. సాయంత్రం చల్లబడ్డాక చల్లి, అరగంట తడిగా ఉంచి, బ్రష్‌తో రుద్ది, ధారాళంగా నీళ్లు పోసి కడగండి. బ్లీచింగ్ కూడా క్లోరైడును మిగులుస్తుంది కాబట్టి ఆ కడగడంలో పిసినారితనం పనికిరాదు. ఇనుప చువ్వలు బయటపడిన స్లాబుకైతే బ్లీచింగ్ బదులు బెంజాల్కోనియం క్లోరైడు ఉన్న పాచి మందు వాడటం మేలు. అది కొంచెం ఖరీదైనా ఇనుముకు అంత చెరుపు చేయదు.

చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. బ్లీచింగ్ చల్లిన చోట యాసిడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ పోయరాదు; రెండూ కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మిద్దె కడిగేవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

పాచిపైనే పూత వేయమన్న మేస్త్రీ మాట వినకండి. పూత పాచిని పట్టుకుంటుంది గాని స్లాబును పట్టుకోదు, రెండో ఏడాదికి పొరలు పొరలుగా లేస్తుంది. పూతకు ముందు స్లాబు ఎండిందో లేదో చూడటానికి ఒకటిన్నర అడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి, మరుసటి రోజు తీసి చూడండి. లోపల చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి.

పాతమిద్దె (జమ్మలమడుగు)

ఇంజనీరు గారు పూత దగ్గర ఆగిపోయారు, కానీ మన పెద్దలు ఏటా వేసిన సున్నాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. మా తాతగారి మట్టి మిద్దెపై వానాకాలానికి ముందు చవుడు పరిచేవారు. చవుడులోని ఉప్పు గుణం వల్ల తడి తగిలితే మట్టి ఉబ్బి రంధ్రాలు మూసుకుపోయేవి, గడ్డీ గాదమూ త్వరగా మొలిచేవి కావు. తరువాత గచ్చు మిద్దెలు వచ్చాక సున్నం వచ్చింది. పంతులమ్మ గారు చెప్పిన సిమెంటు ఘాటు తగ్గిపోవడమన్నదే నిజమైతే, ఏటా వేసే సున్నం ఆ ఘాటును తిరిగి తెచ్చిపెట్టడం కాదా?

పాచి వల్ల స్లాబుకు పెద్దగా నష్టం లేదని కొందరు అంటారు, అది కొంతవరకు నిజమే. కానీ పాచి మందంగా పట్టిన చోట కాకులు, గోరువంకలు వేసిన రావి గింజ మొలుస్తుంది. మా వీధిలో ఒక ఇంటి పిట్టగోడ రావి మొక్క వల్లే రెండుగా చీలింది. మొక్క వేలెడంత ఉన్నప్పుడే వేరుతో సహా లాగేయాలి. పైన కోసి వదిలేస్తే వేరు లోపల బలుస్తుంది.

వృక్షశాస్త్ర పంతులమ్మ (ప్రొద్దుటూరు)

అయ్యా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. తడి సున్నం పీహెచ్ 12 దాకా ఉంటుంది, అది కూడా గాలి తగిలి క్రమంగా సున్నపురాయిగా మారుతుంది కాబట్టే ఏటా వేయవలసి వస్తుంది. తెల్లటి సున్నం ఎండను తిప్పికొట్టి కింది గదిని చల్లగా ఉంచుతుంది కూడా. పెన్నాతీరం గారికి నా సలహా ఏమిటంటే, పాచి తీసి వాటం సరిచేసిన తరువాత ఖరీదైన పూతకు తొందరపడకుండా, గుల్ల సున్నాన్ని ఒక రాత్రి నానబెట్టి, వడగట్టి, కాస్త జిగురు కలిపి రెండు మూడు చేతులు వేయించి ఒక వానాకాలం చూడండి. మొదటి వాన నీటిని మాత్రం సంపులోకి పోనివ్వకండి.

కట్టుబడి ఇంజనీరు (కర్నూలు)

పగుళ్లు లేని స్లాబుకు సున్నం సరిపోతుంది. పగుళ్లుండి కింది గది పైకప్పు చెమ్మగిలుతుంటే మాత్రం సున్నంతో కాలం గడపవద్దు.

సౌరగిరి (అనంతపురం)

మా మిద్దెపై సౌర ఫలకాలు పెట్టిన తరువాత వాటి కింద పాచి మొదలైంది. ఫలకాల కింది అంచు నుంచి వాన నీరు ఒకే గీతపై పడుతోంది. బ్లీచింగ్ చల్లవచ్చా?

కట్టుబడి ఇంజనీరు (కర్నూలు)

ఫలకాల అల్యూమినియం చట్రాలకూ బోల్టులకూ బ్లీచింగ్ తగలకూడదు. పొడవు కర్ర బ్రష్‌తో నేలను మాత్రమే రుద్ది కడగండి. నీరు పడే గీత వెంబడి తూము వైపు చిన్న వాటం ఇప్పిస్తే చాలు. ఫలకాలు తుడిచిన నీరు కూడా అక్కడే చేరుతుందని మరవకండి.

నల్లమల అంచు (ఆత్మకూరు)

మాది స్లాబు కాదు, సిమెంటు రేకుల కొట్టం. పైన వేపచెట్టు నీడ. పాచి పచ్చగా తివాచీ పరిచినట్లుంది. కుర్రవాళ్లను ఎక్కించి గీకించాలనుకుంటున్నాను.

నాపబండ (బేతంచెర్ల)

దయచేసి ఆ పని చేయించకండి. పాత సిమెంటు రేకుల్లో రాతినార (ఆస్బెస్టాస్) ఉంటుంది. పులివెందుల వైపు ఒకప్పుడు దాని గనులే ఉండేవి. రేకును గీకినా, పీడనంతో కడిగినా ఆ నార గాలిలోకి లేస్తుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరువాత క్యాన్సరు దాకా తీసుకుపోతుంది.

కట్టుబడి ఇంజనీరు (కర్నూలు)

రేకులు ముట్టుకోకుండానే పని జరుగుతుంది. వేప కొమ్మలు కొట్టించి ఎండ తగలనివ్వండి. వాన తరువాత కింద నిచ్చెన మీద నిలబడి, తోటకు వాడే చేతి పంపుతో బెంజాల్కోనియం మందు చల్లి వదిలేయండి. చచ్చిన పాచి కొన్ని వానలకు తనంతట తాను ఊడి పడుతుంది. మనుషులు రేకుపైకి ఎక్కడం ఎంతమాత్రం మంచిది కాదు. పాత రేకు విరిగి కింద పడిన ప్రమాదాలు మన వైపు తరచుగా వింటూనే ఉన్నాము. రేకులు ఎప్పుడైనా మార్చేటట్లయితే జింకు పూత ఉన్న ఇనుప రేకులు వేయించండి, ఆ జింకు ఉన్నంతకాలం వాటిపై పాచి సులభంగా పట్టదు. తీసిన పాత రేకులను పగలగొట్టకుండా, తడిపి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి దించించండి.